8 ఎకరాలు, 16 మడులు, ఒక మంద: పునరుజ్జీవన సేద్యంలో పశువుల పాత్రపై ప్రాజెక్టు డైరీ

1వ వారం

ఏళ్ల తరబడి దున్ని, సంచి ఎరువులతోనే సాగు చేసి, ఒక్క పశువు కాలు కూడా మోపని 8 ఎకరాల మెట్ట పొలాన్ని ఈ ప్రాజెక్టు కోసం గడ్డికి వదిలిపెట్టి ఒక వానాకాలం గడిచింది. ఇప్పుడు దాని మీదికి మందను తీసుకువస్తున్నాం. పశువులు నేలను బాగుచేస్తాయని పునరుజ్జీవన సేద్యం (చిక్కిపోయిన నేలకు జీవాన్ని, సారాన్ని తిరిగి తెచ్చే సాగు) గురించి మాట్లాడేవారు చెబుతారు. అవే పశువులు మేసి మేసి మట్టి తేలేలా చేసిన బీళ్లు కూడా అందరికీ తెలిసినవే. రెండూ నిజమే కాబట్టి తేడా పశువులో కాక, దానిని ఎక్కడ, ఎంతసేపు, ఎన్నాళ్లకొకసారి నిలబెడుతున్నామన్న దానిలో ఉండాలి. ఈ డైరీలో మేము వెతకబోతున్నది ఆ తేడానే.

మంద రాకముందే నేల స్థితిని రాసిపెట్టుకున్నాం. 15 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ఇనుప గొట్టం ముక్కను నేలలోకి దిగ్గొట్టి అందులో 440 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే, ఆ చోట 2.5 సెంటీమీటర్ల వాన కురిసినట్టు లెక్క. మొదటిసారి పోసిన నీళ్లు ఎండిన మట్టిని తడపడానికే పోతాయి కనుక, రెండోసారి పోసినవి ఇంకడానికి పట్టిన సమయాన్నే నమోదు చేశాం. ఆరు చోట్ల చూస్తే సగటున 42 నిమిషాలు పట్టింది. 100 అడుగులు నడుస్తూ ప్రతి అడుగుకూ బూటు కొన కింద ఏముందో రాసుకుంటే 41 సార్లు వట్టి మట్టే వచ్చింది. 20 సెంటీమీటర్ల ఘనపు గుంత తవ్విన నాలుగు చోట్లా కలిపి మూడే వానపాములు కనిపించాయి. సేంద్రియ కర్బనం పరీక్ష కోసం 15 సెంటీమీటర్ల లోతు వరకు మట్టి తీసి పంపాం.

2వ వారం

మొదట 12 పశువులను, 40 గొర్రెలను తేవాలనుకున్నాం. కాగితం మీద లెక్క వేశాక ఆ ఆలోచన మార్చుకోవలసి వచ్చింది. పశువులు సగటున 300 కిలోలు, గొర్రెలు 30 కిలోలు అనుకుంటే మంద మొత్తం బరువు 4,800 కిలోలు. మేసే జీవం రోజుకు తన బరువులో సుమారు 2.5 నుంచి 3 శాతం ఎండు పదార్థం తింటుంది కనుక రోజుకు 120 నుంచి 145 కిలోల మేత కావాలి. అర మీటరు చదరపు చట్రం వేసి గడ్డి కోసి, ఎండబెట్టి తూచితే ఎకరాకు దాదాపు 600 కిలోలు తేలింది. అందులో సగమే మేపాలన్నది మా నియమం. పొలాన్ని అర ఎకరం చొప్పున 16 మడులుగా విడదీస్తే ఒక్కో మడిలో 150 కిలోల మేత దొరుకుతుంది, అంటే సుమారు ఒక్క రోజుకు సరిపోతుంది. పదహారు రోజుల్లో మంద మళ్లీ మొదటి మడికి వచ్చేస్తుంది, గడ్డికి 15 రోజుల విరామమే దక్కుతుంది.

సగమే ఎందుకన్నది ఇక్కడ వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే మా పద్ధతి అంతా దీని మీదే నిలబడి ఉంది. గడ్డి మొక్కకు ఆకే వంటిల్లు. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన ఫ్రాంక్లిన్ క్రైడర్ 1955లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఆకులో సగానికి మించి కోసినప్పుడు వేళ్ల పెరుగుదల ఆగడం మొదలైంది. ఒకేసారి 80 శాతం కోస్తే 12 రోజులు, 90 శాతం కోస్తే 17 రోజులు వేళ్లు ఎదగనే లేదు. పైన పోయిన ఆకు కళ్లకు కనిపిస్తుంది గానీ, కింద ఆగిపోయిన వేరు కనిపించదు. నేలలోకి కర్బనాన్ని చేరవేసేది ఆ వేరే కాబట్టి, మేపులో సగం దాటడమంటే మనం దేనికోసం ఈ పని మొదలుపెట్టామో దానినే ఆపివేయడం.

అందుకే మందను 6 పశువులకు, 20 గొర్రెలకు తగ్గించాం. ఇప్పుడు ఒక్కో మడి రెండు రోజులకు సరిపోతుంది, తిరిగి అదే మడికి రావడానికి 30 రోజుల వ్యవధి దొరుకుతుంది.

3వ వారం

కంచె పని. లోపలి మడులకు సోలార్ ఎనర్జైజర్‌తో (తీగలోకి షాక్ కొట్టే కరెంటును పంపే పెట్టె) నడిచే తాత్కాలిక తీగ వేశాం. పశువులకు ఒక తీగ చాలింది, గొర్రెలకు మూడు తీగలు కావలసి వచ్చాయి. ఒంటి మీద ఉన్ని షాక్‌ను అడ్డుకుంటుంది కనుక వాటికి ముక్కు ఎత్తులో ఒక తీగ తప్పనిసరి. నేల ఎండిన రోజున కరెంటు బలహీనపడింది. ఎర్త్ కడ్డీలు ఒకటికి బదులు మూడు, మూడేసి మీటర్ల ఎడంతో పాతి, చుట్టూ నీళ్లు పోశాక సరిపడా వోల్టేజీ వచ్చింది.

5వ వారం

మంద మడులు మారుతూ ఉంటే పేడ మాత్రం పొలమంతా సమంగా పడటం లేదు. నీటి తొట్టి ఒకే మూల ఉండటంతో పశువులు మేసి వచ్చి అక్కడే గుమిగూడి, అక్కడే పడుకుంటున్నాయి. తొట్టి చుట్టూ 10 మీటర్ల మేర లెక్కిస్తే ఆ మడిలో పడిన పేడ కుప్పల్లో మూడో వంతు అక్కడే ఉన్నాయి.

ఇది చిన్న విషయం కాదు. పశువు నేలకు సారాన్ని సృష్టించదు, ఒక చోటి నుంచి మరో చోటికి మోస్తుంది. మేసిన మేతలోని నత్రజనిలో మెజారిటీ భాగం, సాధారణంగా 70 నుంచి 90 శాతం వరకు, పేడగా మూత్రంగా తిరిగి బయటికి వస్తుంది. భాస్వరం ఎక్కువగా పేడలోను, పొటాష్ ఎక్కువగా మూత్రంలోను ఉంటాయి. అవి తీసిన చోటే తిరిగి పడితే చక్రం పూర్తవుతుంది. అలా కాక తొట్టి పక్కన, చెట్టు నీడన పేరుకుపోతే, పొలంలో ఎక్కువ భాగం మెల్లగా చిక్కిపోతూ ఒక మూల మాత్రం కుళ్లిపోయేంత కొవ్వెక్కుతుంది. పెద్ద పశువు మూత్రం పోసిన చిన్న చోట హెక్టారుకు 500 కిలోలకు మించిన నత్రజని వేసినంత మోతాదు పడుతుంది; దానిని ఏ గడ్డీ ఒక్కసారిగా పీల్చుకోలేదు కాబట్టి కొంత అమ్మోనియాగా గాలిలోకి, కొంత నైట్రేటుగా భూగర్భ జలంలోకి పోతుంది.

పైపు పొడిగించి, తొట్టిని మందతోపాటే ప్రతి మడిలోకి, ప్రతిసారీ వేరే చోటికి మారుస్తున్నాం. రోజూ అరగంట అదనపు పని. ఈ ప్రాజెక్టులో పెట్టిన శ్రమలో ఇంత ఫలితమిచ్చినది మరొకటి లేదని నా అభిప్రాయం.

7వ వారం

ఒక తప్పు జరిగింది. మంద వచ్చిన తొలి రోజుల్లోనే అన్ని పశువులకూ ముందు జాగ్రత్తగా నట్టల మందు ఇచ్చాం. అది ఐవర్‌మెక్టిన్ రకానికి చెందినది. ఆ తర్వాత మూడు వారాల్లో పడిన పేడ కుప్పలు ఇప్పటికీ పైన పెంకు కట్టి, లోపల ముద్దగా, పురుగు తొలిచిన రంధ్రమంటూ లేకుండా పడి ఉన్నాయి. ఈ రకం మందు అవశేషాలు పేడలో రోజుల నుంచి వారాల వరకు బయటికి వస్తూ, అందులో గుడ్లు పెట్టే పేడపురుగుల పిల్లలను చంపుతాయని అప్పటికి చదివి ఉండి కూడా ఆ సంగతిని దీనితో ముడిపెట్టుకోలేకపోయాం.

పేడపురుగులు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఆస్ట్రేలియా అనుభవం ఒక్కటి చాలు. అక్కడి స్థానిక పేడపురుగులు కంగారూల వంటి జంతువుల చిన్న, పొడి పెంటికలకు అలవాటుపడినవి. వలసవచ్చినవారు తెచ్చిన ఆవుల తడి పేడను అవి అంతగా ముట్టలేదు. పేడ నెలల తరబడి గట్టిపడి గడ్డిని కప్పేసింది, ఈగలు విపరీతంగా పెరిగాయి. కీటక శాస్త్రవేత్త జార్జ్ బోర్నెమిస్సా ప్రతిపాదనతో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ 1960ల నుంచి 1980ల వరకు ఆఫ్రికా, ఐరోపా తదితర ప్రాంతాల నుంచి పలు జాతుల పేడపురుగులను తెచ్చి వదిలింది. వాటిలో 20కి పైగా జాతులు అక్కడ నిలదొక్కుకున్నాయి. పేడను ముద్దలుగా చేసి నేలలోకి దించే పురుగు మనకు ఖర్చు లేకుండా ఎరువును పూడ్చుతుంది, నీరు దిగడానికి సొరంగం తవ్వుతుంది, ఈగ గుడ్లకు చోటు లేకుండా చేస్తుంది.

ఇకపై మంద మొత్తానికీ ఒకేసారి మందు తాగించడం మానేశాం. గొర్రెల కంటి కింది రెప్పను విప్పి లోపలి రంగు చూసి, పాలిపోయినవాటికే మందు ఇచ్చే పద్ధతిని పాటిస్తున్నాం. దక్షిణాఫ్రికాలో రూపొందిన ఈ ఫమాచా పద్ధతి రక్తం పీల్చే నట్టలకు మాత్రమే పనికివస్తుంది కనుక, అనుమానం ఉన్నప్పుడు పెంటికలలో గుడ్ల లెక్క కూడా చేయిస్తున్నాం. మడి మార్చే వ్యవధి కూడా ఇందులో భాగమే: పెంటికలలో పడిన గుడ్డు వెచ్చని తేమలో సుమారు వారం లోపు అంటుకునే దశకు చేరి గడ్డి మొదళ్ల మీదికి పాకుతుంది, కాబట్టి మంద రెండో రోజే ముందుకు వెళ్లిపోతే ఆ విడత పిల్లపురుగులను వెంటనే తినే ప్రమాదం తప్పుతుంది. 30 రోజుల విరామంలో అవన్నీ చచ్చిపోతాయని మాత్రం అనుకోకూడదు; చల్లగా, తేమగా ఉన్న రోజుల్లో నెలలపాటు బతుకుతాయి. గొర్రెల నట్టల్లో చాలా రకాలు పెద్ద పశువుల్లో బతకలేవు కనుక రెండింటినీ కలిపి మేపడం వల్ల ఆ భారం కొంత తగ్గుతుంది.

11వ వారం

మూడు రోజులు ఎడతెరిపి లేని వాన. 5వ మడిలో మంద ఉండగానే నేల పూర్తిగా నానింది. షెడ్యూలు ప్రకారం రెండు రోజులూ అక్కడే ఉంచాం, అలా ఉంచకుండా ఉండవలసింది. గిట్టలు పది సెంటీమీటర్ల లోతు దిగి, గడ్డి మొదళ్లు అడుసులో కలిసిపోయాయి. మందను చూసుకునే పెద్దాయన రెండో ఉదయాన “ఈ మడిని ఇంక వదిలెయ్యండి బాబూ, ఇక్కడ ఇప్పుడు మేపుతున్నది గడ్డిని కాదు, నేలనే” అన్నారు. ఆయన మాటను డైరీలో ఉన్నదున్నట్టు రాసుకుంటున్నాను.

కొత్త నియమం: పిడికెడు మట్టి పిసికితే నీరు చేతికి అంటినా, మడమతో నొక్కిన గుర్తు నిలిచిపోయినా మంద మడుల్లోకి వెళ్లదు. అందుకోసం ఎత్తుగా, గట్టిగా ఉన్న ఒక మూలను కేటాయించి, అక్కడ ఎండుగడ్డి వేస్తాం. ఆ మూల దెబ్బతింటుంది, దెబ్బతినడానికే దానిని ఎంచుకున్నాం.

16వ వారం

చక్రాల గూడులో 40 కోళ్లను మంద వెనకాల తిప్పడం మొదలుపెట్టాం. అమెరికాలో జోయెల్ సలాటిన్ తన పొలంలో చాలాకాలంగా చేస్తున్న పద్ధతి ఇది. పశువులు వెళ్లిన మూడు నాలుగు రోజులకు పేడలో ఈగ పిల్లలు బలిసి ఉంటాయి, అవి రెక్కలు తొడిగేలోపు కోళ్లు వచ్చి కుప్పను చెదరగొట్టి వాటిని ఏరుకు తింటాయి. చెదిరిన పేడ సన్నగా పరుచుకుని గడ్డికి త్వరగా అందుతోంది. కోళ్ల దాణాను గొర్రెలకు అందకుండా ఉంచడం ముఖ్యం, దానిలో కలిపే రాగిని గొర్రెలు తట్టుకోలేవు, గింజలు ఒక్కసారిగా ఎక్కువ తింటే కడుపు పులిసిపోతుంది.

కోళ్లు తినే దాణాలో ఎక్కువ భాగం బయటి పొలాల్లో పండినది. మా నేలలో భాస్వరం పెరిగితే అది మా కోళ్లు సృష్టించినది కాదు, వేరే నేల నుంచి సంచుల్లో వచ్చినది. ఎండుగడ్డికీ ఇదే లెక్క: ఒక టన్ను ఎండుగడ్డిలో స్థూలంగా 15 నుంచి 20 కిలోల నత్రజని ఉంటుంది. బయటి నుంచి వచ్చిన మేతకు, దాణాకు విడిగా ఒక పుట కేటాయించాం, ఫలితాలు చెప్పేటప్పుడు అది పక్కన లేకపోతే మా లెక్క నిజాయితీగా ఉండదు.

27వ వారం

పొడి కాలం. గడ్డి ఎదుగుదల దాదాపు ఆగిపోయింది. 30 రోజుల విరామం అన్నది ఇప్పుడు అర్థం లేని సంఖ్య అయ్యింది. ఫ్రాన్సులోని నార్మండీకి చెందిన రైతు, శాస్త్రవేత్త ఆంద్రే వ్వాజాన్ 1950లలోనే దీనిని స్పష్టం చేశారు: విరామం క్యాలెండర్‌ను బట్టి కాదు, గడ్డి కోలుకునే వేగాన్ని బట్టి ఉండాలి, వానలో మూడు నాలుగు వారాలు చాలిన చోట ఎండాకాలంలో దానికి రెండింతలో మూడింతలో కావచ్చు. మేము రోజులు లెక్కించడం మాని, కొత్తగా విచ్చుకున్న ఆకులను లెక్కిస్తున్నాం. మొదటి ఆకు విప్పుకునేటప్పుడు మొక్క తన వేళ్లలో, మొదళ్లలో దాచుకున్న నిల్వను ఖర్చు చేస్తుంది, మూడో ఆకు విప్పుకునే సరికి ఆ ఖర్చు తిరిగి పూడుతుంది. మూడు నిండు ఆకులు లేని మడిలోకి మంద వెళ్లదు.

ఫలితంగా 11 మడులు మూసివేసి, కేటాయించిన మూలలో ఎండుగడ్డి మీద మందను నిలుపుతున్నాం. రెండు గొర్రెపోతులను, ఒక దూడను అమ్మివేశాం. పొలం మోయగలిగినంత మందే ఉండాలన్న మాటను వానాకాలంలో ఒప్పుకోవడం తేలిక, ఇప్పుడు అమలు చేయడమే కష్టంగా ఉంది.

34వ వారం

పక్కనే ఉన్న రెండు ఎకరాల పంట పొలంలో జొన్న, అలసంద, జనుము కలిపి పచ్చిరొట్టగా వేసి, కోయకుండా మందతో మేపాలన్నది పథకం. మొలిచాక వాన ముఖం చాటేయడంతో జొన్న మోకాలి లోపే వాడిపోయి నిలిచింది. మేత లేని రోజుల్లో పచ్చగా కనిపించే ఆ మడి పెద్ద ఆకర్షణే. కానీ లేత జొన్నలోను, బెట్టకు గిడసబారిన జొన్నలోను నాము విషం ఉంటుంది. మొక్కలో దాగి ఉన్న పదార్థం నమిలినప్పుడు సైనైడ్‌గా విడుదలై, ఆకలితో ఆబగా మేసిన పశువును నిమిషాల్లో పడగొట్టగలదు. బెట్ట తర్వాత వానకు వచ్చే కొత్త పిలకలు మరింత ప్రమాదకరం. 45 నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తు దాటి, బెట్ట తీరి, మొక్క మళ్లీ నిలకడగా ఎదిగాకే మేపు. అప్పటివరకు ఆ మడి కంచెకు తాళం వేశాం.

37వ వారంలో చేర్చిన పంక్తి: వాన పడింది, జొన్న నడుము ఎత్తు దాటింది. ముందుగా ఎండుగడ్డితో కడుపు నింపి, గంటసేపు మాత్రమే తోలాం. అలసంద ఎక్కువగా ఉన్న వైపు కడుపు ఉబ్బరం వస్తుందేమోనని రోజంతా కాపలా ఉన్నాం. ఏ పశువుకూ ఏమీ కాలేదు.

48వ వారం

మీథేన్ లెక్క వేయకుండా ఇలాంటి ప్రాజెక్టు రాయడం సరికాదు. గడ్డిలోని సెల్యులోజును మనిషి జీర్ణం చేసుకోలేడు. నెమరు వేసే జీవి మొదటి కడుపులోని సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి శక్తిగా మారుస్తాయి, ఆ పనిలో మీథేన్ పుడుతుంది. మా పశువు ఒకదానికి ఏడాదికి 60 కిలోలు, గొర్రెకు 5 కిలోలు అనుకుంటే, మొదట తెచ్చిన ఆరు పశువులకు, ఇరవై గొర్రెలకు కలిపి 460 కిలోలు. నూరేళ్ల కొలతలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 27 రెట్లు వేడి చేస్తుంది కనుక ఇది 12 టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. దానిని నేలలోనే పూడ్చాలంటే 8 ఎకరాల్లో ఎకరాకు ఏటా దాదాపు 420 కిలోల కర్బనం చేరాలి, అంటే పై 15 సెంటీమీటర్ల మట్టిలో సేంద్రియ కర్బనం ఏడాదికి సుమారు 0.05 శాతం పెరగాలి. ఒకే మడిలో పక్కపక్క గుంతల మట్టికి వచ్చిన తేడాయే అంతకంటే ఎక్కువగా ఉంది. అందువల్ల మొదటి ఏడాది కర్బనం ఫలితాన్ని చూపించి మా మంద వాతావరణానికి మేలు చేసిందని ఎవరికైనా చెప్పే హక్కు మాకు లేదు.

2017లో ఆక్స్‌ఫర్డ్ కేంద్రంగా పనిచేసిన పరిశోధకుల బృందం ప్రపంచవ్యాప్తంగా మేపు పద్ధతులను పరిశీలించి, ఎంత అనుకూలమైన పరిస్థితుల్లోనైనా నేలలో చేరే కర్బనం మేసే పశువుల ఉద్గారాల్లో 20 నుంచి 60 శాతాన్ని మాత్రమే పూడ్చగలదని, అది కూడా నేల నిండే వరకు కొన్ని దశాబ్దాలేనని తేల్చింది. ఈ అంకె మా ఉత్సాహానికి కష్టంగానే ఉంది, అయినా దానిని పక్కన పెట్టి ఈ పని చేయలేం. అలాగని పేడకు కాలం ముందు బలం లేదనీ కాదు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ ప్రయోగ క్షేత్రంలో ఒక బార్లీ మడికి 1852 నుంచి 1871 వరకు మాత్రమే పశువుల ఎరువు వేసి ఆపేశారు. ఎరువు ఎన్నడూ వేయని పక్క మడి కంటే అక్కడి మట్టిలో సేంద్రియ పదార్థం నూరేళ్లు దాటాక కూడా ఎక్కువగానే ఉంది.

60వ వారం

కొలతలు మళ్లీ తీశాం. విరామం సరిగా దక్కిన మడుల్లో నీరు ఇంకడానికి సగటున 17 నిమిషాలు పట్టింది. అడుసు తొక్కిన 5వ మడిలో 58 నిమిషాలు, అంటే మంద రాకముందు కంటే ఎక్కువ. ఒకే మంద, ఒకే పొలం, ఒకే ఏడాది. మధ్యలో ఉన్నది తడి నేల మీద నిలిపిన రెండు రోజులు. 100 అడుగుల నడకలో వట్టి మట్టి 41 నుంచి 14కు తగ్గింది. వానపాములు నాలుగు గుంతల్లో కలిపి 22, తొట్టి మార్చడం మొదలుపెట్టాక పేడ పడిన చోట్లే ఎక్కువ. పేడ కుప్పను విరిస్తే లోపల సొరంగాలు కనిపిస్తున్నాయి, వర్షం తర్వాత పడిన పేడ వారంలో గుల్లబారుతోంది. సేంద్రియ కర్బనం విలువలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. మూడో ఏటికి మళ్లీ, అవే గుంతల పక్కన, అదే లోతులో తీస్తాం.

మంద లేకుండా గడ్డికి వదిలేసిన పోలిక మడి ఒకటి మొదటి నుంచీ పెట్టుకోవలసింది, పెట్టుకోలేదు. ఈ మెరుగుదలలో దున్నడం ఆపినందువల్ల వచ్చినదెంత, పశువుల వల్ల వచ్చినదెంత అన్నది అది లేకుండా విడదీయలేం. 14వ, 15వ మడులను ఈ వారం నుంచి మందకు పూర్తిగా మూసివేసి, వాటిలో ఒకదానిలో గడ్డిని కోసి అక్కడే పరుస్తాం, రెండోదానిని తాకకుండా వదిలేస్తాం.

61వ వారం

రేపు 9వ మడి కంచె తెరవాలి. ఈ సాయంత్రం వెళ్లి మొదళ్లు పరిశీలించాం. చాలా పిలకల్లో మూడో ఆకు ఇంకా చుట్టుకునే ఉంది, విప్పుకోలేదు. మందను కేటాయించిన మూలలోనే నిలిపి, ఎండుగడ్డి వేయమని పెద్దాయనకు చెప్పాం. నాలుగు రోజుల తర్వాత మళ్లీ చూస్తాం.